నోట్లో నానాలి మరి

ఏమండీ, ఒక్క నిమిషం ఇలా రండి. ఎవరైనా ఫోన్ నంబరు చెప్తే, పెన్ను దొరికేదాకా మీరేం చేస్తారు? దాన్నే గొణుక్కుంటూ ఇల్లంతా వెతుకుతారు కదూ! ఆ మధ్యలో ఇంట్లోవాళ్ళు "కాఫీ తాగుతారా?" అన్నారో, నంబరు హుష్‌కాకి. వాళ్ళ మీద ఎంత కోపమొస్తుందో నాకు తెలుసు లెండి.

ఆ గొణుగుడంటే నాకెంత ఇష్టమో! కొత్త భాష లోపలికి వచ్చే గుమ్మం అదేనండీ. అలన్ బాడ్లీ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త దీని వెంట ఏళ్ళ తరబడి పడ్డాడు. విన్న శబ్దం బుర్రలో రెండు సెకన్లపాటు మోగుతుందట. గొణుక్కుంటే మళ్ళీ మోగుతుంది. మానేస్తే మాయం.

ఇటలీ ఆవిడ సంగతి చెప్పనేలేదు కదూ? పుస్తకాల్లో ఆవిడ పేరు పి.వి., అంతే. మెదడు దెబ్బతిన్నా తెలివి చెక్కుచెదరలేదు. విన్న అంకెలు మాత్రం రెండు మూడు దాటితే తిరిగి చెప్పలేదు. 1988లో బాడ్లీ వాళ్ళు ఆవిడకి ఇటాలియన్ మాటలు జతలు జతలుగా వినిపిస్తే, అందరిలాగే నేర్చేసుకుంది. తర్వాత రష్యన్ మాటలు, ఎనిమిదంటే ఎనిమిది, పదేసి సార్లు వినిపించారు. ఒక్కటీ రాలేదు! తెలిసిన మాటైతే అర్థం పట్టుకుని వేలాడొచ్చు. తెలియనిదానికి శబ్దం తప్ప ఇంకేముంది చెప్పండి?

మీరూ చూడండి. రష్యన్‌లో పుస్తకాన్ని 'క్నీగ' అంటారు. అనండి! కినీగ అంటున్నారా? బస్‌ని బస్సు చేసిన నోరండీ మనది, మొదట్లోనే 'క్న' అంటే ఊరుకుంటుందా? పైకి పదిసార్లు అనాల్సిందే. 1991లో కొందరు ఇటాలియన్లచేత, మాటలు నేర్చుకుంటున్నంతసేపూ అర్థంలేని ముక్కేదో ఆపకుండా అనిపించారు. నోరు అలా పనిలో పడితే వాళ్ళకి రష్యన్ మాటలు ఎక్కడం కష్టమైపోయింది.

అన్నిటికీ ఇంత తంటా ఉండదు లెండి. జపనీస్‌లో 'మీరు' అనడానికి 'అనత' అంటారు. మన 'అనాథ' గుర్తొచ్చిందా? ఇక ఎక్కడికి పోతుంది! పాత మాట చెయ్యి పట్టుకుని కొత్తది దర్జాగా వచ్చి కూర్చుంటుంది. నాకు ఇలాంటి జతల్ని ఏరడమంటే మహా సరదా.

ఫిన్లాండ్‌లో ఇంగ్లీషు మొదలెట్టే పిల్లల్ని చూశారట. అర్థంలేని మాటల్ని వినగానే చక్కగా తిరిగి అనగలిగినవాళ్ళకే, తర్వాత ఇంగ్లీషు బాగా వచ్చింది. అందుకే చెప్తున్నా, మీవాడు వింతవింత కూతలు కూస్తుంటే కసరకండి. ఎంత ముచ్చటగా ఉంటాయి!

అవునూ, ఇందాకటి పుస్తకం మాట ఏమిటి? ఆఁ ఆఁ, పైకి చూడకూడదు!