కారు కింద మచ్చ

పోయిన సంక్రాంతికి బీర్కూర్ వెళ్ళినప్పుడు చూశాను దాన్ని. వాకిట్లోంచి కారు తీయగానే కింద అరచేయంత నల్ల మచ్చ. "ఇదెప్పటి నుంచి బాపూ?" అంటే, "దసరా నుంచే ఉన్నది. నువ్వు పనిల ఉంటివి గదా, చెప్పలే" అన్నాడు. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు కింది గీతకి కూడా అందట్లేదు. గుండె గుభేల్‌మంది.

మాది 2014 మోడల్ డీజిల్ బండి, టర్బో ఉన్నది. కంపెనీ పేరెందుకులెండి, తప్పు దానిది కాదని చివర్లో మీకే తెలుస్తుంది. నాకు ఉద్యోగం వచ్చాక సెకండ్ హ్యాండులో కొని బాపుకిచ్చాను. నెలకోసారి అమ్మని గుండె డాక్టరు దగ్గరికి నిజామాబాద్ తీసుకెళ్ళాలంటే అదే దిక్కు. బస్సులో అయితే బాన్సువాడలో మారాలి, సీటు దొరక్కపోతే అమ్మ నిలబడలేదు.

ఒక మెకానిక్‌కి చూపించాం. వంగి టార్చి వేసి నిమిషంలో తేల్చేశాడు: "టర్బో పోయింది సార్. నలభై అయిదు వేలైతయి." లాగ్ కూడా తెరవకుండా సర్వర్ మార్చెయ్యమన్నట్టు! బాపుది ఒకటే మాట: "అమ్మేద్దాం తియ్యి."

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. చదివింది కంప్యూటర్సే అయినా పేరు ఇంజనీరే కదా. ఇంజన్ చల్లారాక, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డుపెట్టి, ముందు భాగాన్ని స్టాండ్ల మీద నిలబెట్టి కిందికి దూరాను (ఒట్టి జాకీని నమ్ముకుని మాత్రం ఎప్పుడూ దూరకండి, ప్రాణాలు పోతాయి). చుక్క సంప్ ప్లగ్ దగ్గర వేలాడుతోంది. దొరికాడు దొంగ అనుకుని వాషర్ మార్చి, ఆయిలు నింపాను. తెల్లారేసరికి మచ్చ. తర్వాతి శనివారం మళ్ళీ వచ్చి పైన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చాను. తెల్లారేసరికి మళ్ళీ మచ్చ.

మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తున్న బాపు అప్పుడన్నాడు: "మన మడిల నీళ్ళు ఊరితే గండి మన మడిలనే ఉంటదారా? కాలువెంబడి పైకి నడుసుకుంట పోవాలె."

నిజాంసాగర్ కట్టింది 1931 నాటికి. అప్పట్నుంచీ ఆ కాలువ నీళ్ళ మీద బతికిన ఊళ్ళు మావి. ఈ ముక్క ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకే తెలీలేదు. ఆఫీసులో కూడా ఇదే కదా నా తంతు! ఎర్రర్ కనబడ్డ లైన్లో నల్ చెక్ ఒకటి పెట్టేసి టికెట్ మూసెయ్యడం.

నూనె కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది. చుక్క రాలే చోటు దాని ఆఖరి స్టేజీ, అంతే. అందుకని ఈసారి ఏదీ విప్పలేదు. కిరోసిన్, బ్రష్ పెట్టి ఇంజన్ మొత్తం కడిగి, తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాను. అమ్మ పౌడరు డబ్బా తెచ్చి అనుమానం ఉన్న చోటల్లా చల్లాను (డబ్బా సగమైనందుకు తిట్లు వేరే). బాన్సువాడ దాకా పోయి వచ్చాక టార్చి వేసి చూశాను. అంతా తెల్లగా ఉంది, ఒక్క తడి గీత తప్ప. గీత వెంబడి పైకి పోతే టర్బో కింద ఆయిలు తిరుగు పైపు జాయింటు దగ్గర ఆగింది.

అంటే మెకానిక్ చెప్పిందే నిజమా? ఇక్కడ టర్బో సంగతి కొంచెం చెప్పాలి. 1905లో స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇది. వృథాగా పోయే పొగతో చక్రం తిప్పి, ఇంజన్‌లోకి ఎక్కువ గాలి తోయడం. కార్లలో ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, పల్చటి నూనె పొర మీద. ఆ నూనె సంప్‌లోకి తిరిగొచ్చేది తన బరువుతోనే, దాన్ని తోసే పంపేమీ లేదు. ఇంజన్ లోపల గాలి ఒత్తిడి పెరిగితే నూనె దిగలేక ఎదురుతన్ని సందుల్లోంచి కారుతుంది. ఆ ఒత్తిడి బయటికి పోవాల్సింది బ్రీదర్ పైపులోంచి.

ఇంజన్ నడుస్తుండగా ఆయిలు మూత తిప్పి వదులుగా ఉంచితే, అన్నం ఉడికే గిన్నె మీద మూతలా ఎగిరింది! ఆపి, బ్రీదర్ పైపు విప్పితే లోపల నల్లటి జిడ్డు, కాటుకలాగా. అదీ గండి. టర్బో ఇరుసుని చేత్తో కదిపి చూశాను. ముందుకీ వెనక్కీ ఆట లేదు, రెక్కలు గోడకి తగలట్లేదు. పైపు శుభ్రం చేసి, తిరుగు పైపు ప్యాకింగ్ కొత్తది వేసి, ఆయిలు, ఫిల్టరు మార్చాను. మొత్తం ఖర్చు నాలుగు వేల లోపే.

నేను తొడ కొట్టుకోబోతుంటే పాడు అలవాటు ఒకటి అడ్డొచ్చింది, 'ఎందుకు' అని ఇంకోసారి అడగడం. బ్రీదర్ ఎందుకు పూడింది? పాత ఆయిలుతో, ఇంజన్ సరిగా వేడెక్కని చిన్న చిన్న దూరాలు తిప్పడం వల్ల. ఆయిలు ఎందుకు మార్చలేదు? సర్వీసింగ్ నేనే చేయిస్తానన్నాను కాబట్టి. రెండేళ్ళుగా బాపు అడిగినప్పుడల్లా "ఈ రిలీజ్ అయిపోనీ, వచ్చే నెల వస్తా" అంటున్నాను. ఆ తర్వాత అడగడం మానేశాడు. మచ్చ గురించి చెప్పకపోవడం కూడా అందుకే.

నూనె అలాగే తగ్గిపోయి ఉంటే టర్బో నిజంగానే పోయేది. అదీ ఏ నిజామాబాద్ దారిలోనో, వెనక సీట్లో అమ్మ ఉండగా. ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఇప్పుడు కారు కింద ఒక అట్టముక్క పరిచి పెట్టాం. రోజూ పొద్దున బాపు దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిస్తాడు, మాటా మంతీ ఏమీ ఉండదు. స్టాండప్ మీటింగ్ మధ్యలో వస్తుంది అది. ఇప్పటిదాకా మచ్చ లేదు. చూసిన వెంటనే ఫోన్ చేస్తున్నాను.