బటన్ కూడా 'జీ' అనాలి

మన ఇళ్ళల్లో పిల్లలకు మొదట నేర్పే అదబ్ ఒకటుంది. పెద్దవాళ్ళు పిలిస్తే వెంటనే 'జీ' అనాలి. పని తర్వాత చేసినా సరే, జవాబ్ మాత్రం ముందు రావాలి. రాకపోతే పిలిచినవాళ్ళు మళ్ళీ పిలుస్తారు. ఫోన్‌లోని బటన్‌కు కూడా ఈ అదబ్ ఉండాలని నాకు మా అమ్మీ వల్ల సమజైంది.

అబ్బా పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో మెషీన్ మీద పనిచేసేవారు. అక్కడి బటన్‌ల గురించి చెప్తుండేవారు. ఆకుపచ్చది నొక్కితే లోపలికి పోతుంది, దీపం వెలుగుతుంది, మెషీన్ కదులుతుంది. ఖతరా వస్తే నొక్కే ఎర్ర బటన్ పుట్టగొడుగులా పెద్దగా ఉంటుంది. నొక్కితే లోపలే ఉండిపోతుంది, తిప్పితేగానీ బయటికి రాదు. నొక్కామా లేదా అన్న షక్ ఉండదు. ఫోన్ అద్దానికి ఆ గుణం లేదు. అది లోపలికి పోదు. అందుకే జవాబ్ కంటికి కనబడాలి.

అబ్బా ఇంతెఖాల్ అయ్యాక అమీన్‌పూర్ ఇంటి పనులన్నీ అమ్మీయే చూసుకోవడం మొదలుపెట్టింది. ఆమె ఉర్దూ చదువుతుంది. తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరాలు రావు. ఇంగ్లీష్ అసలే రాదు. అయినా కరెంటు బిల్లు కట్టడం, నీళ్ళ ట్యాంకర్ తెప్పించడం నా కూతురి దగ్గర నేర్చుకుంది. ఒక ఎండాకాలం, ఒక యాప్‌లో ట్యాంకర్ కోసం బటన్ నొక్కింది. రంగు మారలేదు, ఏమీ కదల్లేదు. వేలు సరిగ్గా ఆనలేదేమో అనుకొని మళ్ళీ నొక్కింది. గల్లీలోకి రెండు ట్యాంకర్లు వచ్చాయి. సంపు మొదటిదానికే నిండింది. పడోసులు చూస్తుండగా రెండో డ్రైవర్ పైసల కోసం గేటు దగ్గర నిలబడ్డాడు. ఇచ్చి పంపింది. సాయంత్రం నేను వెళ్తే ఫోన్ నా చేతిలో పెట్టి, "మేరేకు నై ఆతా బేటా, తూచ్ కర్‌లే" అంది.

పైసలు పోయినందుకు కాదు నా బాధ. 'అల్లా, ఎవరికీ మొహతాజ్ చేయకు' అని రోజూ దువా చేసే మనిషి ఒక బటన్ వల్ల మొహతాజ్ అయింది. పైగా ఖసూర్ తనదే అనుకుంది.

మా ఆపా కొడుకు హైదరాబాద్‌లో యాప్‌లు రాస్తాడు. అడిగితే చెప్పాడు: "మామూ, బటన్‌కు ఒక్క రూపం సరిపోదు. ఊరికే ఉన్నప్పుడు ఒకటి, వేలు ఆనినప్పుడు ఒకటి, పని నడుస్తున్నప్పుడు ఇంకొకటి ఉండాలి. వేలు ఆనిన హాలత్‌ను ఆండ్రాయిడ్‌లో 'ప్రెస్డ్' అంటాం, ఐఫోన్‌లో 'హైలైటెడ్', వెబ్ పేజీలో 'యాక్టివ్'." 2014లో గూగుల్ తెచ్చిన మెటీరియల్ డిజైన్‌లోనైతే, వేలు పెట్టిన చోటు నుంచి చెరువులో రాయి వేసినట్టు అల లేస్తుంది. కొందరు ఖూబ్‌సూరత్‌గా ఉండాలని సొంత బొమ్మతో బటన్ చేస్తారు, నొక్కినప్పటి బొమ్మ మాత్రం పెట్టరు. అక్కడే బటన్ మూగదవుతుంది.

జవాబ్ ఎంత తొందరగా రావాలి? జేకబ్ నీల్సన్ 1993లో వచ్చిన తన పుస్తకంలో లెక్క చెప్పాడు. సెకనులో పదో వంతు లోపల మార్పు కనబడితే మనిషికి అది తక్షణమే జరిగినట్టు అనిపిస్తుంది. ఒక సెకను దాటితే ఆలోచన ధార తెగుతుంది. పది సెకన్లు దాటితే ధ్యాస వేరే వైపు పోతుంది.

రంగు మారితే చాలదు కూడా. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్ళుంటాయి. కాబట్టి ఆకారమో, గుర్తో మారాలి. వేలు బటన్‌ను కప్పేస్తుంది, అందుకని వేలు తీశాక కూడా మార్పు కాసేపు కనబడాలి. పని పూర్తయ్యేదాకా బటన్ రెండో నొక్కు తీసుకోకూడదు. ఒకవేళ అదే ఆర్డర్ రెండుసార్లు వెళ్ళినా, అవతలి సర్వర్ దాన్ని గుర్తుపట్టి ఒకసారే లెక్కించాలి. 'ప్రాసెసింగ్' అన్న మాట చదవలేనివాళ్ళకు ఈ మార్పే జబాన్.

ఇప్పుడు యాప్‌లు రాసే పిల్లలు మన ఖాందాన్‌లలోనూ ఉన్నారు. వాళ్ళకు నాదొక గుజారిష్. రాసిన యాప్‌ను ఇంట్లో నానీకో దాదీకో ఇచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోండి. ఆమె అదే బటన్‌ను రెండోసారి నొక్కితే ఆమెకు నేర్పించడం మొదలుపెట్టకండి. వెళ్ళి బటన్‌ను సరిచేయండి. అప్పటిదాకా మన బుజుర్గ్‌లకు ఒక్క మాట చెప్పి ఉంచుదాం: నొక్కాక ఏమీ మారకపోతే ఆగండి, పైసలు కట్ అయినట్టు మెసేజ్ వచ్చిందేమో, ఆర్డర్ పడిందేమో చూడండి, ఆ తర్వాతే మళ్ళీ నొక్కండి. ఖసూర్ మీది కాదు.