గోదారి ఫొటోలో నీళ్లు ఎంతున్నాయి?

మా కొవ్వూరులో ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా గోదారి ఫొటో ఉంటుంది. రోడ్ కం రైల్ బ్రిడ్జి, దాని వెనక ఎర్రటి ఆకాశం. స్టేటస్‌కి సూపర్. కానీ వరదలప్పుడు ఆ ఫొటోతో పనిలేదు. ఊరికి దూరంగా ఉన్నవాళ్లకి కావల్సింది ఒక్కటే: నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?

ఈ తేడా నాకు చూపించింది మా వీధిలో బాబాయ్. ఒక దినపత్రికకి కంట్రిబ్యూటర్. మండలాల్లో వేరే ఫొటోగ్రాఫర్ ఉండడు కదా, వార్తా ఆయనే రాయాలి, ఫొటో కూడా ఫోన్‌తో ఆయనే తియ్యాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు, ఆయన బండెక్కి నేనూ గోష్పాద క్షేత్రం వైపు వెళ్లాను.

ముందు లెన్స్ చొక్కాతో తుడిచాడు. తర్వాత దూరం నుంచి రేవంతా పడేలా ఒకటి, అక్కడున్న మనుషులతో ఒకటి, నీళ్లు తగులుతున్న మెట్టు దగ్గరగా ఒకటి. మూడే.

"ఉత్త నీళ్లు తీస్తే ఏం తెలుస్తుందిరా? పక్కన మెట్టో స్తంభమో ఉండాలి. అప్పుడే ఎంత మునిగిందో తెలుస్తుంది" అన్నాడు.

వేళ్లతో జూమ్ చెయ్యడు. చాలా ఫోన్లలో అలా జూమ్ చేస్తే ఉన్న పిక్సెల్సే సాగుతాయి, కొత్త వివరం రాదు. అలాగని వరదలో ముందుకెళ్లలేం కాబట్టి, ఎత్తయిన చోటు వెతుక్కుంటాడు. ఆకాశం వెలుగుకి మొహాలు నల్లగా పడుతుంటే, స్క్రీన్ మీద మొహం దగ్గర తాకుతాడు. నీటి గీత వంకరగా రాకుండా ఫోన్ సరిచేసుకుంటాడు.

పునరావాస శిబిరంలో మాత్రం ముందు అడిగాడు: "అమ్మా, తియ్యమంటారా?" చేతిలో కంచంతో నిలబడ్డ ఆవిడ "వద్దు బాబూ" అంది. వెనక నుంచి లైను మాత్రమే తీశాడు. భోజనాలు పెడుతున్నారన్న వార్తకి అది చాలు.

ఇంక నా సబ్జెక్టు. ఫొటో ఫైల్లో తీసిన తేదీ, టైమ్ కూడా ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, ఆ వివరాలూ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే రెండూ ఉంటాయి. దాంతోపాటు ఊరు, రేవు, తేదీ, గంట టైప్ చెయ్యాలి.

ఇది చిన్న విషయం కాదు ఫ్రెండ్స్. ఎప్పటిదో వరద ఫొటో "ఇప్పుడే" అని గ్రూపుల్లో తిరుగుతుంది. లంకల్లో వాళ్లు గొడ్లని విప్పుకుని ఏటిగట్టు ఎక్కాలా వద్దా అని చూసేది కూడా అదే ఫోన్లో. రెండుసార్లు ఉత్తుత్తినే భయపెడితే, మూడోసారి నిజం ఫొటో వచ్చినా కదలరు.

అందుకే ఈసారి మీ ఊళ్లో ఏరు పొంగితే, ఫ్రేములో ఒక మెట్టు ఉంచండి. కింద గంట రాయండి. ఆ తర్వాతే ఫార్వర్డ్.