అరసున్న మీట

పశ్చిమ వంగమునందలి ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమున న్యూ సెటిల్‌మెంట్ అను పేట కలదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున శ్రీకాకుళ, విశాఖ ప్రాంతములనుండి పనికై వచ్చిన తెలుగువారి సంతతి ఈ పట్టణమున నేటికిని నివసించుచున్నది. 2020 డిసెంబరులో ఆ రాష్ట్ర మంత్రివర్గము తెలుగునకు అధికారభాషాస్థాయి నొసగుట కామోదించెను. ఇచటి తెలుగువారి కోరికయు అందుకొక కారణము.

ఆ పేటలోని విశ్రాంత రైల్వే ఉద్యోగి యొకరు తమ తండ్రిగారి దినచర్య పుస్తకమును మనుమరాలిచేత కంప్యూటరున కెక్కింపదలచిరి. ఆమె బడిలో బంగ్లా చదివినది. తెలుగు తాతగారివద్ద నేర్చినది. రోమను అక్షరములు కొట్టి తెలుగుగా మార్చుకొనుట ఆమె కలవాటు. తొలిపుటలోనే “ఊరు విడిచి ఏఁడు గడచెను” అను వాక్యము “ఏడు గడచెను” అయ్యెను.

“ఏడంటే ఏమిటి తల్లీ? ఏడు రోజులా, ఏడు నెలలా? మా నాన్న సంవత్సరంపాటు ఇంటి మొగం చూడలేదు” అనిరి తాతగారు. కంప్యూటరులో అరసున్న లేదనియే వారి తలంపు.

కాని అది కలదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రతిలోనే అరసున్నకును, శకటరేఫమునకును స్థానము దొరకినది. ఇన్‌స్క్రిప్ట్ అను మీటల అమరికలో షిఫ్టుతో ఎక్స్ నొక్కిన అరసున్న, జె నొక్కిన ఱ వచ్చును. ఏరుట వేఱు, నదియగు ఏఱు వేఱు. కావున ఈ రెండవ మీటయు అవసరమే.

ఈ అమరికయందు భారతీయలిపులలోని సమానాక్షరములు ఒకే మీటపై నుండును. బంగ్లాకు మార్చినచో ఆ ఎక్స్ మీటయే చంద్రబిందువు నిచ్చును. బంగ్లాలో ‘కాదా’ యనిన బురద, ‘కాఁదా’ యనిన ఏడ్చుట. బిందువు తప్పిన అర్థము తప్పునని ఆ బాలిక బడిలోనే యెఱుగును. తాతగారి అరసున్న ఆమెకు క్రొత్తదిగా తోపలేదు.

మఱియొక చిక్కు పేటపేరుననే వచ్చెను. ‘ల్’ క్రింద ‘మ’ వత్తుగా చేరి ‘సెటిల్మెంట్’ అయ్యెను. పొల్లును విడిగా నిలుపుటకు కంటికి కనబడని అక్షర మొకటి కలదు. వర్డ్ అను వ్రాతసాధనమున 200సి అని ఆంగ్లాక్షరములతో కొట్టి, ఆల్ట్, ఎక్స్ మీటలను కలిపి నొక్కిన నది చేరును.

నేటి వాడుకలో అరసున్న లేకుండవచ్చును. పాతవ్రాతను ఎత్తి వ్రాయువారు మాత్రము దానిని విడువరాదు. విడిచినచో ఒకరు ఇల్లు విడిచి గడపిన సంవత్సరము వట్టి అంకెగా మిగులును. దిద్దిన పుటను తాతగారు రెండుమారులు చదివి, రెండవపుట తీయుమనిరి.