వాపు - బలుపు

వాపును చూసి బలుపనుకోరాదన్న సామెతను తరగతిలో ఎన్ని మారులు వివరించి ఉంటానో లెక్కలేదు. అది నాకు నిజంగా బోధపడినది 2014 జూన్ మాసంలో, బెంగళూరులోని ఒక ఆసుపత్రి వరండాలో.

మా తమ్ముడు కల్యాణదుర్గం చెంత వేరుశెనగ సేద్యగాడు. తలనొప్పి, వాంతులు, మాట తడబాటు. మేము ఎండదెబ్బ అనుకున్నాము. స్కానింగులో మెదడు ఎడమ భాగాన గడ్డ, దాని చుట్టూ దానికంటే విశాలంగా వాపు. డెక్సామెథసోన్ ఇచ్చారు. రెండు దినాలకే లేచి కూర్చుని, "నొప్పి పోయిందిన్నా, ఊరికి పోదాం పా. అదునుకు గొర్రు కట్టాల" అన్నాడు. మరదలు కళ్ళకద్దుకుని దండం పెట్టింది. తగ్గినది వాపే గాని గడ్డ కాదని వైద్యుడు నాతో అప్పటికే చెప్పి ఉన్నాడు. నేను నోరు విప్పలేదు.

అమరకోశం వాపునకు శోథము, శోఫము, శ్వయథువు అని మూడు పేర్లిచ్చింది. లాటిన్ భాషలో 'ట్యూమర్' అన్నా మొదట వాపే. గాయమైనచోట కణాలు సైటోకైన్లనే రసాయన దూతలను పంపి రక్షకులను పిలుస్తాయి. పని ముగియగానే ఆ చాటింపు ఆగాలి. కంతిలో అది ఆగదు. కంతి మానని గాయమని హెరాల్డ్ డ్వోరాక్ 1986లో అన్న మాట ఇందుకే. గ్లయోబ్లాస్టోమా ఇంటర్‌ల్యూకిన్-6 వంటి దూతల చేత తన పెరుగుదలకు తానే ఉత్తరువులిచ్చుకుంటుంది. మరికొన్ని అణువులు రక్తనాళాల గోడలను వదులు చేయగా నీరు ఊరుతుంది. మెదడుకు కావలి కాసే మైక్రోగ్లియా, వెలుపలినుండి వచ్చే భక్షక కణాలు కలిసి ఒక్కొక్కప్పుడు గడ్డలో మూడోవంతుకు మించుతాయట. అవి పోరాడవు. టిజిఎఫ్-బీటా అనే దూత వాటిని జోకొట్టి కంతికే కూలీలుగా మారుస్తుంది. చేనికి పెట్టిన కావలివాడే దొంగకు మూట ఎత్తడం మా సీమలో కొత్త కాదు లెండి!

మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో ఎల్లోరా సేన్ గారు ఈ శోథము మీదనే పరిశోధించారు. నేనివన్నీ చదివినది తమ్ముడు పోయిన తర్వాత. నన్ను మిక్కిలి కలచినది ఒక విషయం: వాపును తీసే ఆ స్టెరాయిడే రోగనిరోధక శక్తిని కూడా అణచివేస్తుంది. అయినా అది లేక గడవదు. పుర్రెలో వాపునకు చోటెక్కడిది?

శస్త్రచికిత్స, రేడియేషన్, టెమొజోలమైడ్ అన్నీ అయినవి. 2005 నాటి ప్రసిద్ధ పరీక్షలో ఈ మందు మధ్యస్థ ఆయువును 12.1 నెలలనుండి 14.6 నెలలకు పెంచింది. మావాడికి పదకొండే దక్కాయి.

ఆ జూన్‌లో వాడు పట్టుబట్టగా, ఆపరేషనుకు ముందు నాలుగు దినాలు ఊరికి తీసుకువచ్చాను. పదును బాగుంది. గొర్రు వెనుక తానే నడిచాడు. గట్టు మీద కూర్చుని చూస్తున్న నన్ను, "ఏమిన్నా, అట్ల చూస్తాండావు?" అని అడిగాడు. ఎండ ఎక్కువగా ఉందన్నాను.