కాలువగట్టు దారిన

ప్రయాణం రెండు విధాలు. గమ్యం చేరడానికి చేసేది ఒకటి. దారిని చదువుకోవడానికి చేసేది మరొకటి. మొదటిదానికి రైలు, రాజమార్గం చాలు. రెండవదానికి కాలువగట్లు, డొంకదారులు కావాలి. ఒక డిసెంబరు మాసాన నేనూ, నా మిత్రుడూ మోటారు సైకిలుపై తెనాలి నుండి రేపల్లెకు, అక్కడి నుండి బాపట్లకు, తిరిగి తెనాలికి 100 కిలోమీటర్లకు పైబడి చేసిన యాత్ర ఈ రెండవ కోవకు చెందినది.

అమెరికాలోని ప్రెయిరీ మైదానాలు కూడ మన డెల్టా వలెనే చదునైనవి. కాని 1785 నాటి చట్టం ఆ దేశపు నేలను ఆరేసి మైళ్ల చదరాలుగా కొలిపించింది. తరువాత వచ్చిన దారులు చాలావరకు ఆ గీతల వెంటనే సూటిగా సాగాయి. మన దారులను గీసినది నీరు. కాలువ వంగినచోట దారి వంగుతుంది. లాకులున్నచోట నాలుగు దుకాణాలు వెలుస్తాయి.

ఈ నీటికొక చరిత్ర ఉన్నది. బెజవాడ వద్ద 1852-55 మధ్య కట్టిన ఆనకట్టకు 1952లో గండి పడగా, దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బరాజు పూర్తి అయినది. అక్కడ వదిలిన నీరే తెనాలి నడుమ మూడు పాయలుగా పారుతుంది. అయితే కాలువలు రాకముందు ఈ సీమ నిర్జనం కాదు. వేమూరు దాటి భట్టిప్రోలు చేరిన యాత్రికునికి అక్కడి బౌద్ధ స్తూపమే అందుకు సాక్ష్యం. 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వకాలలో అక్కడ బయల్పడిన ధాతుకరండాలపై రెండువేల ఏండ్లకు పూర్వపు బ్రాహ్మీలిపి ఉన్నది.

రేపల్లె దాటితే పెనుమూడి. అక్కడ కృష్ణపై నిలిచిన వారధి ఆవలి పులిగడ్డను కలుపుతుంది. కరకట్టపై నిలబడి చూస్తే నది మిక్కిలి సాధువుగా కనిపించింది. 2024 సెప్టెంబరులో బరాజు వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద ఈ నదిదేనంటే నమ్మశక్యం కాదు.

అక్కడి నుండి నిజాంపట్నం వైపు మళ్లాము. 1611లో ఆంగ్ల వర్తకుల ఓడ ఆగిన పెతపోలి రేవు ఇదే. ఆ దారిలో కోసిన వరిచేలలో మొలకెత్తిన మినుము పచ్చగా ఉన్నది. ఒక తూము వద్ద కూర్చున్న వృద్ధ రైతును, "ఈ ఏడు నీళ్లు బాగా అందాయా, తాతా?" అని అడిగాను.

"మాది కాలువకు కొస, మురుక్కి మొదలు, బాబూ! నాట్లప్పుడు నీళ్లు పైవాళ్లకు ముందు, ముంపు మాత్రం మాకే ముందు," అన్నాడాయన. 1977 నవంబరు 19నాటి ఉప్పెనను తలచుకొని కొంతసేపు మౌనం వహించాడు. పిదప పార భుజాన వేసుకొని గట్టు వెంట వెళ్లిపోయాడు.

ఆ మాట కర్లపాలెం దాటి బాపట్ల చేరేవరకు నన్ను వెన్నంటింది. 1945లో స్థాపితమైన అక్కడి వ్యవసాయ కళాశాలను చూచినప్పుడు మరింత బలపడింది. మనం సాంబమసూరి అని పిలిచే బి.పి.టి. 5204 వరి వంగడం 1986లో విడుదలైనది బాపట్ల నుండియే. ఆ మూడక్షరాలు ఆ ఊరి పేరే. మన విస్తరిలోని తెల్లని అన్నానికి, సముద్రపు టుప్పుగాలి సోకే ఈ సీమకు ఇంతటి సంబంధమున్నదని మనలో ఎందరు తలుస్తాము?

కొమ్మమూరు కాలువ సీమ మీదుగా, పొన్నూరు దారిన తెనాలికి మరలాము. మిత్రులారా! కాలువ గొప్పతనాన్ని తలలాకుల వద్ద నిండుగా పారే నీటిని బట్టి నిర్ణయించరాదు. చిట్టచివరి తూము క్రింద ఉన్న ఎకరానికి నీరు సకాలంలో అందినదా, అక్కడి మురుగు సకాలంలో కదిలినదా అన్నదే దానికి గీటురాయి. ఆ ఎకరాన్ని చూడగోరితే రాజమార్గం విడిచి, గట్టు దారి పట్టవలసినదే.