జీతమెంత? జబ్బేమిటి?

జర్మనీకి చదువుకో ఉద్యోగానికో బయలుదేరే మన యువకులు ఇటీవల నన్ను తరచుగా అడిగే ప్రశ్న వొకటుంది: "అక్కడ ఆరోగ్య బీమా పబ్లిక్‌ది తీసుకోవాలా, ప్రైవేటుదా? ఏది చవక?" వీసాకు బీమా కాగితం కావాలి. విశ్వవిద్యాలయంలో పేరు నమోదు కావాలన్నా బీమా కాగితం కావాలి. అంచేత ఏదో వొక కాగితం చేతికొస్తే చాలునన్న తొందరలో వాళ్లుంటారు. నేను లైప్‌జిగ్ నగరంలో పరిశోధకుడిగా మూడేళ్లు జీతం తీసుకుని, భార్యాబిడ్డలతో కాపురం చేసి వచ్చాను గనుక నన్ను అడగటం సహజమే. అయితే ఏది చవక అన్నది తరువాత చూడవలసిన సంగతి. ఆ రెండు బీమాలూ మనిషిని ఏమని ప్రశ్నిస్తాయో ముందు చూడాలి.

పబ్లిక్ బీమా "నీ జీతమెంత?" అంటుంది. ప్రైవేటు బీమా "నీ వయస్సెంత? నీ జబ్బేమిటి?" అంటుంది. మిగతా తేడాలు చాలావరకు ఇందులోనుంచి పుట్టినవే.

పబ్లిక్ అనగానే మనవాళ్లకు సర్కారు దవాఖానా, ఆరోగ్యశ్రీ కార్డు గుర్తుకొస్తాయి. జర్మనీ సంగతి వేరు. అక్కడ ఈ బీమాను "క్రాంకెన్‌కాసె" అనే ఆరోగ్యనిధులు నడుపుతాయి. ఇప్పుడవి వందకు లోపే వున్నాయి. అవి ప్రభుత్వ శాఖలు కావు, లాభంకోసం పెట్టిన కంపెనీలూ కావు. చట్టానికి లోబడి తమ పాలన తామే చూసుకునే సంస్థలు. దేశంలో నూటికి దాదాపు తొంభైమంది వీటిలో సభ్యులు. వైద్యం చేసే డాక్టరు మాత్రం వీధిలో బోర్డు పెట్టుకున్న మామూలు డాక్టరే. చందా జీతాన్నిబట్టి వుంటుంది: నూటికి 14.6, దానిపైన వొక్కొక్క నిధి వేసుకునే అదనపు చందా. 2025కు ఆ అదనం సగటు 2.5 అని ప్రభుత్వం ప్రకటించింది. మొత్తంలో సగం ఉద్యోగిది, సగం యజమానిది. ఆ లెక్కన నెలకు మూడువేల యూరోల జీతగాడు తనవంతుగా 256 యూరోల చిల్లర ఇచ్చుకుంటాడు. మంచాన పడ్డప్పటి సంరక్షణకు ఇంకొక చందా వేరే వుంది.

నా జీతం పెద్దది కాదు గనుక ఎంచుకునే బాధ నాకు లేకపోయింది. చట్టం నన్ను పబ్లిక్ నిధిలో చేర్చింది. నా భార్యకు పెళ్లినాటికే థైరాయిడ్ జబ్బు. మా అమ్మాయికి ఉబ్బసం. దరఖాస్తులో ఈ మాటలు ఎక్కడ రాయాలా అని వెతికాను. చోటులేదు. వాళ్లిద్దరికీ సంపాదన లేదని రాస్తే సరిపోయింది. నా చందాలోనే ఇద్దరికీ కార్డులు వచ్చాయి, వొక్క సెంటు అదనం లేకుండా. హైదరాబాదులో బీమా ఏజెంటు ముందు కూర్చుని, "ముందునుంచే వున్న రోగాలు" అనే గడిని ఎలా నింపాలా అని గింజుకున్నవాణ్ణి నేను. ఆ గడి లేని కాగితాన్ని రెండుసార్లు తిరగేసి చూశాను.

మా పై అంతస్తులో గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఇంజనీరొకడు వుండేవాడు. అతని పరిస్థితి వేరు. జీతం వొక హద్దు దాటితే పబ్లిక్ నిధినుంచి తప్పుకునే స్వేచ్ఛ అక్కడ వుంది. 2025లో ఆ హద్దు ఏడాదికి 73,800 యూరోలు. అతను హద్దు దాటినవాడు. ఇరవై తొమ్మిదేళ్ల వయస్సు, పెళ్లికాలేదు, జలుబు కూడా చెయ్యని వొళ్లు. ప్రైవేటు కంపెనీకి ఇంతకంటె మంచి బేరం దొరకదు. అతనికి చెప్పిన రుసుము పబ్లిక్ చందాకంటె బాగా తక్కువ. దరఖాస్తు జర్మన్ భాషలో వుంది గనుక చదివిపెట్టమని నా దగ్గరకు తెచ్చాడు. గడిచిన ఏళ్లలో ఏ డాక్టర్లను చూశావు, ఏ ఆసుపత్రిలో వున్నావు, ఏ మందులు వాడుతున్నావు, మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లావా, పళ్లెన్ని వూడాయి, ఎత్తెంత, బరువెంత. తెలిసి ఏది దాచినా, రేపు బయటపడిననాడు వొప్పందం రద్దుచేసుకునే దారి కంపెనీకి వుంటుంది.

"ఏంటన్నా ఇది, పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగరు" అన్నాడతను నవ్వుతూ.

ఆ పెళ్లి రెండేళ్లకు అయింది. వచ్చిన అమ్మాయికి చిన్నప్పటినుంచీ చక్కెరజబ్బు. ప్రైవేటు బీమాలో కుటుంబమనే మాట లేదు. ఎవరి వొళ్లు వారిది, ఎవరి రుసుము వారిది. ఆమెకు వేరే రుసుము, దానిమీద జబ్బు పేర అదనం. రేపు బిడ్డ పుడితే ఆ బిడ్డకు ఇంకొకటి. మళ్లీ పబ్లిక్‌లోకి పోదామంటే, జీతం హద్దుకు పైన వున్నంతకాలం ఆ తలుపు తెరుచుకోదు. 55 ఏళ్లు దాటాక జీతం తగ్గినా సాధారణంగా తెరుచుకోదు. వారానికి అయిదురోజుల పనిని నాలుగురోజులకు తగ్గించుకుని, కావాలని జీతం కోయించుకుని వెనక్కు వచ్చేవాళ్లున్నారని అతనే నాకు చెప్పాడు. అతనూ ఆ లెక్కలే వేస్తున్నాడు. తక్కువ డబ్బుకు వస్తుందని కొన్న వస్తువును వదిలించుకోవటానికి జీతమే వదులుకోవలసి రావటం విడ్డూరంగా లేదూ?

ఈ ఏర్పాటు చరిత్రను మన విద్యార్థులు చదివితే మంచిది. కార్మికులకు నిర్బంధ ఆరోగ్య బీమా చట్టాన్ని 1883లో తెచ్చినవాడు బిస్మార్క్. 1878లో సోషలిస్టులను అణచివేసే చట్టం చేసినవాడూ అతనే. వొక చేత్తో లాఠీ, ఇంకొక చేత్తో మందుసీసా. కార్మికుణ్ణి సోషలిస్టులనుంచి విడదీసి రాజ్యానికి కట్టివెయ్యాలన్నది అతని వూహ. అయితే ఆ మొదటి చట్టంలో చందాలో మూడింట రెండువంతులు కార్మికులది, వొక వంతు యజమానులది. పాలకమండళ్లలో సీట్లూ అదే లెక్కన. ఫలితంగా బిస్మార్క్ పెట్టిన నిధుల్లోనే సోషల్ డెమొక్రాట్లు పాలన నేర్చారు. అతను కోరుకున్నది మాత్రం ఇది కాదు.

అలాగని పబ్లిక్ నిధిని ఆకాశానికెత్తవలసిన పనిలేదు. చందా వెయ్యటానికి కూడా జీతంలో పై హద్దు వుంది. 2025లో ఏడాదికి 66,150 యూరోలు. ఆపైన సంపాదించే ప్రతి యూరో చందానుంచి తప్పించుకుంటుంది. బేకరీలో రొట్టెలు చేసేవాడు తన జీతమంతటిమీదా చందా కడతాడు, కంపెనీ డైరెక్టరు తన జీతంలో వొక ముక్కమీద కడతాడు. అది చాలదన్నట్టు డైరెక్టరుకు మొత్తం నిధినే విడిచిపొయ్యే తలుపు వుంది. వయస్సులో వున్నవాళ్లూ, వొళ్లు బాగున్నవాళ్లూ, డబ్బున్నవాళ్లూ ఆ తలుపుగుండా పోతే రోగులూ పిల్లలూ ముసలివాళ్లూ తక్కువ జీతగాళ్ల నెత్తిన మిగులుతారు. ఇది ఎవరి తెలివితక్కువా కాదు, చట్టమే అలా రాసుకున్నారు.

డాక్టరుకు ఫోను చేస్తే ఈ సంగతి చెవికి వినిపిస్తుంది. పేరుకంటె ముందు "పబ్లిక్కా, ప్రైవేటా?" అని అడిగేవాళ్లున్నారు. ప్రైవేటు రోగికి డాక్టరు విడిగా బిల్లు వేస్తాడు. రుసుముల పట్టికలోని రేటుకు 2.3 రెట్లు వెయ్యటం మామూలు. నా భార్య గ్రంథుల వైద్యుడి దర్శనానికి పదకొండు వారాలు ఆగింది. పై అంతస్తు మిత్రుడికి మరుసటి వారమే పిలుపు వచ్చింది. మా వీధిలో వొక ముసలావిడ వుండేది. 1990కి పూర్వపు తూర్పు జర్మనీలో నర్సుగా పనిచేసింది. అప్పటి పాలిక్లినిక్కుల్లో సామాను కొరతను గురించి దాపరికం లేకుండా తిట్టేది. "కాని ఫోనులో ఈ ప్రశ్న మాత్రం ఎవరూ వేసేవాళ్లు కారు" అనేది.

ఈ రెండింటిలో దేనికీ అందని మనుషులు వేరే వున్నారు. విద్యార్థులకు పబ్లిక్ నిధి ఇచ్చే తక్కువ చందా ముప్పై ఏళ్లలోపు వారికే. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన వొక లెక్చరరు ముప్పైమూడో ఏట మళ్లీ చదువుకు కూర్చున్నాడు. అంతకుముందు జర్మన్ నిధిలో వుండి ఎరగడు గనుక స్వచ్ఛందంగా చేరే దారి కూడా లేదు. ప్రయాణ బీమావంటి చవక కాగితం వొకటి కొన్నాడు. మూత్రపిండంలో రాయి కదిలి ఆసుపత్రిలో పడ్డాడు. రాయి రాత్రికి రాత్రి పుట్టదనీ, అది ముందునుంచే వున్న రోగమనీ కంపెనీ జవాబు రాసింది. ఆసుపత్రివాళ్లు వాయిదాలకు వొప్పుకున్నారు. తెలుగు పిల్లలు చందా వేసుకున్నారు. హోటల్లో గిన్నెలు తోమే కుర్రాడు పది యూరోలు, మా ఇంజనీరు రెండువందలు ఇచ్చారు.

కనుక వెళ్లే విద్యార్థులు వొక్కటి గుర్తుంచుకోవాలి. నమోదైన మొదటి మూడు నెలల్లో "నాకు పబ్లిక్ బీమా వొద్దు" అని మినహాయింపు కాగితంమీద సంతకం పెడితే, ఆ చదువు ముగిసేదాకా దాన్ని వెనక్కు తీసుకోలేరు. ఏజెంటు ముందుగా తెచ్చేది ఆ కాగితమే. 2025లో విద్యార్థి పబ్లిక్ చందా, సంరక్షణ చందాతో కలిపి, నెలకు సుమారు 140 నుంచి 145 యూరోలు. బరువే. కాని అందులో బరువెంత అనే గడి వుండదు.

వెళ్లని వాళ్లకు కూడా ఇది పరాయి సంగతి కాదు. 1948 నాటి చట్టంతో పుట్టిన మన ఇ.ఎస్.ఐ. కూడా జీతమెంత అనే అడుగుతుంది. 2019లో చందాను కార్మికుడికి నూటికి 0.75, యజమానికి 3.25గా తగ్గించారు. జీతపు హద్దు అక్కడా వుంది, ఇక్కడా వుంది. జర్మనీలో హద్దు దాటినవాడికి పొమ్మని తలుపు తెరుస్తారు, మన దగ్గర బయటకు పంపి తలుపేస్తారు. 2017లో ఆ హద్దును 21,000 రూపాయలకు పెంచారు. ఆ తరువాత జీతం 22,000 అయిన ప్రైవేటు కాలేజీ లెక్చరరు, తల్లి చక్కెరజబ్బు రిపోర్టులు సంచిలో పెట్టుకుని, ఆ గడి వున్న కాగితం ముందు కూర్చున్నాడు. అలాంటివాళ్లు మా స్టాఫు రూములోనే నలుగురున్నారు.